రాజుగారు భోంచెయ్యరు

"నేను బయటి తిండి తినను."

అతను ఆమెతో అన్న మొట్టమొదటి మాట అది. రండి అనలేదు, కూర్చోండి అనలేదు. మూత తీసిన డబ్బాతో ఆమె ముందుకు చాపిన చెయ్యి అలాగే ఉండిపోయింది. డబ్బాలో ఉల్లిపాయ బన్నులు ఇంకా వేడిగానే ఉన్నాయి.

"ఇది బయటి తిండి కాదండీ. నా తిండి."

"మీరు బయటినుంచేగా వచ్చారు?"

"తలుపు తీసింది మీరే. ఇప్పుడు లోపలున్నాను."

వెనకాల ఎవరో కిసుక్కున నవ్వారు. అతను మాత్రం నవ్వలేదు. రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, ఎంతో మర్యాదగా, "థాంక్సండీ, వాళ్ళకివ్వండి" అని తన కుర్చీలోకి వెళ్ళిపోయాడు. మర్యాదగా వద్దంటే ఎదుటివాళ్ళకి ఒళ్ళు ఇంకాస్త మండుతుందన్న సంగతి పాపం అతనికి తెలిసినట్టు లేదు.

అది ఒక పళ్ళ డాక్టరు క్లినిక్‌లో వెయిటింగ్ రూమ్. ఆదివారం మధ్యాహ్నాలు పేషెంట్లు ఉండరు కాబట్టి, పాత పత్రికలు పక్కకు నెట్టి, ఆ బల్ల మీదే ఆట ఆడుకుంటారు. గోడ మీద నోరు తెరిచిన దవడ బొమ్మ ఒకటి, ఆడేవాళ్ళందరినీ చూసి ఇకిలిస్తున్నట్టు ఉంటుంది.

ఆట సంగతి తెలియనివాళ్ళకి ఒక ముక్క చెప్పాలి. ఒకరు కథ చెబుతారు. ఆ కథలో రాజులు, రాక్షసులు, సత్రం యజమానులు అందరూ అతనే. మిగిలినవాళ్ళు తలా ఒక వేషం తీసుకుని ఆ కథలోకి దిగుతారు. ఏం చేస్తామో నోటితో చెబుతారు, అయిందో లేదో పాచిక తేలుస్తుంది. కథ చెప్పే అతన్ని వీళ్ళు సూత్రధారి అంటారు; బన్ను వద్దన్నది అతనే. వారమంతా కళ్ళద్దాల షాపులో అద్దాలు అరగదీసి, ఆదివారం రాజ్యాలు కట్టే మనిషి అతను.

నవ్వింది పళ్ళ డాక్టరు, సూత్రధారికి సొంత అక్క. ఆటలో ఆవిడ దొంగ. పక్కనున్నది ఒక బ్యాంకు క్లర్కు. కౌంటర్ దగ్గర గొంతెత్తి మాట్లాడని మనిషి కాస్తా ఇక్కడ గొడ్డలి పట్టిన వీరుడు. అందుకే అతని పేరే గొడ్డలి అయిపోయింది. గాయపడితే కట్టు కట్టే వైద్యురాలు లేక జట్టు అవస్థ పడుతుంటే, తాను రోజూ తినే క్యాంటీన్ అమ్మాయిని అతనే పిలుచుకొచ్చాడు. ఆఫీసుల బిల్డింగ్ కింద ఆ క్యాంటీన్‌ని ఆమె, వాళ్ళ అమ్మమ్మ కలిసి నడుపుతారు.

"మీ వైద్యురాలికి ఆయుధం ఏమిటి?" అడిగాడు సూత్రధారి.

"గరిటె."

"గద తీసుకోవచ్చు."

"గదతో గిన్నె తిప్పలేం కదండీ."

ఆ క్షణం నుంచి ఆమె పేరు గరిటె. ఇక మంత్రాలు. అతను పుస్తకం ఆమె వైపు తిప్పాడు. గాయం మాన్పేది, వెలుగునిచ్చేది, దీవించేది అన్నీ దాటుకుంటూ ఆమె వేలు ఒక చోట ఆగింది.

"ఈ అన్నశుద్ధి ఏమిటి?"

"అదా? వలయంలో ఉన్న ఆహారంలో, నీళ్ళలో విషం, రోగం పోతాయి. ఎవరూ తీసుకోరు, దండగ."

"ఎవరికి దండగ?"

"రాక్షసుడు మీద పడుతుంటే అన్నం శుద్ధి చేసి ఏం చేస్తారండీ?"

"ముందు మీకు పెడతాను," అంది గరిటె. అని, ఆ మంత్రమే తీసుకుంది.

సాయంత్రం అమ్మమ్మకి సంగతంతా చెప్పింది. అమ్మమ్మ రేపటి పిండి కలుపుతూ విన్నది.

"ఎవరే ఆ మహానుభావుడు, నా మనవరాలి బన్ను వద్దన్నది?"

"ఎవరో లేమ్మా. కళ్ళద్దాల షాపు."

"అయినా నీకో మాట చెబుతాను. ఇక్కడ తినేవాళ్ళందరూ బావుంది బావుంది అనేవాళ్ళే. మొన్న మాడిపోయినా బావుందన్నారు. నీ వంటకి మొహం మీద వంక పెట్టేవాడు ఎవడైనా దొరికితే, వాడికే నిన్నిచ్చి చేస్తాను."

"ఇతను తిననే తినడు, ఇంక వంకేం పెడతాడు?"

"మరి ఇతని సంగతి ఎందుకొచ్చింది?"

గరిటె అటు తిరిగిపోయింది. సింకులో ఎప్పుడో కడిగేసిన గిన్నె తీసుకుని మళ్ళీ కడగడం మొదలుపెట్టింది.

*

దండగ మంత్రం ఎందుకు పనికొస్తుందో సూత్రధారికి తొందరలోనే తెలిసొచ్చింది.

మరుసటి ఆదివారం జట్టు బురద అడవిలో దిగింది. పాములు కరిచాయి, అందరికీ విషం ఎక్కింది, విరుగుడు లేదు. అది చాలదన్నట్టు నరమాంసం తినే రాక్షసుడొకడు వీళ్ళని కట్టేసి గంగాళంలో పడేశాడు. గొడ్డలి తల పట్టుకున్నాడు. పళ్ళ డాక్టరు తన దొంగకి కన్నీటి వీడ్కోలు పలుకుతోంది.

"రాక్షసుడు ఇప్పుడేం చేస్తున్నాడు?" అడిగింది గరిటె.

"ఉప్పు చల్లుతున్నాడు."

"దేని మీద?"

"మీ మీదే."

"అంటే వాడి లెక్కలో మేమేమిటి?"

అతను కొంచెం అనుమానంగా చూశాడు. "వంట."

"వంట అంటే ఆహారమేనా?"

"... అవును."

"అయితే అన్నశుద్ధి వేస్తున్నాను. గంగాళం ఎలాగూ గుండ్రంగానే ఉంది, వలయం వేరే గీయక్కర్లేదు. ఆహారంలో విషం పోతుందని మీ పుస్తకంలోనే ఉంది. మాకు విషం దిగిపోయింది. గొడ్డలి గారూ, లేవండి!"

గొడ్డలి కుర్చీలోంచి నిజంగానే లేచాడు. సూత్రధారి పుస్తకం తెరిచాడు, ఆ పేజీ చదివాడు, మళ్ళీ చదివాడు. మూసేసి, నవ్వడం మొదలుపెట్టాడు. కళ్ళద్దాలు తీసి కళ్ళు తుడుచుకునేంత నవ్వు అది. ఆ నవ్వు చూశాక గరిటెకి తన సంగతి తనకి తెలిసిపోయింది. ఈ మనిషి ఆమెకి కావాలి. అంతే, ఇంక అందులో తిరుగు లేదు.

కానీ ఆ నవ్విన మనిషే ఆట ముగిశాక బన్నుల డబ్బా దగ్గరికి రాగానే చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. తన సంచిలోంచి తన డబ్బా తీసుకున్నాడు. అందులో ఉడకబెట్టిన బంగాళాదుంపలు, ఉప్పు కూడా లేకుండా. మందు మింగినట్టు మింగాడు.

ఆ తర్వాత ఆట తీరే మారిపోయింది. కోటగోడ ఎక్కితే అక్కడ కాపలావాళ్ళు పాచిపోయిన గంజి ముందు పెట్టుకుని ఏడుస్తున్నారు. సముద్రంలోకి వెళ్తే దొంగల ఓడలో బిస్కెట్లకి పురుగు పట్టింది. దయ్యాల కొంపలో దయ్యానికి కూడా ఆకలే. చివరికి డ్రాగన్ గుహలో కూడా వంటిల్లు.

"గొడ్డలి ఎత్తి ఎన్నాళ్ళయిందో!" వాపోయాడు గొడ్డలి. "ఇది యుద్ధమా, హోటళ్ళ తనిఖీయా?"

గరిటెకి చుర్రుమంది. తన వృత్తిని, తన మంత్రాన్ని కలిపి ఆటపట్టిస్తున్నాడని తేల్చేసుకుంది. ఆట అయ్యాక క్లినిక్ మెట్ల మీద నిలదీసింది. వాన పడుతోంది. షట్టరు కింద నిలబడటానికి ఇద్దరికి చాలీచాలని జాగా. అటు జరిగితే తడుస్తారు, ఇటు జరిగితే మొహాలు ఎదురెదురు.

"ప్రతివారం నా కోసమని తిండి సీను పెడుతున్నారు కదూ?"

"అవును."

అంత సూటిగా ఒప్పుకుంటాడని ఆమె అనుకోలేదు. "వెక్కిరించడానికా?"

"వెక్కిరించడమా?" అతను తెల్లబోయాడు. "మీ మంత్రానికి పని ఉండాలి కదా అని. మంత్రం పనికొచ్చినప్పుడు మీ మొహం ఎలా ఉంటుందో మీకు తెలీదు. అది చూడటానికే రాజ్యం నిండా వంటిళ్ళు కట్టాను. డ్రాగన్ పొయ్యి కోసం రెండు వారాలు మ్యాపు గీశాను."

గరిటె కోపం కాస్తా ఎటు పోయిందో ఆమెకే అర్థం కాలేదు. గొంతు సవరించుకుని, "మరి నా బన్ను?" అంది.

అతను వానకేసి చూస్తూ చెప్పాడు. హాస్టల్లో చదువుకునేటప్పుడు నీళ్ళలో ఏదో కలిసింది. నెలల తరబడి ఆస్పత్రిలో పడి ఉన్నాడు. బతుకుతాడన్న నమ్మకం ఇంట్లో ఎవరికీ లేదు. బయటికైతే వచ్చాడు గానీ, ఆ రోజు నుంచి అతనికి తిండి అంటే ఆకలి కాదు, అనుమానం.

"సొంత అక్క వండినా తినలేనండీ. అక్క ఇంటికి కూడా నా డబ్బా నేనే తీసుకెళ్తాను. అక్క ఏమీ అనదు. అనకపోవడమే కష్టంగా ఉంటుంది. మీ బన్ను మంచిదని నాకు తెలుసు, చేతికే తెలీదు."

"చూడండి," అంది గరిటె. "నేను వంటమనిషిని. పొద్దున లేచింది మొదలు నా బతుకంతా పొయ్యి దగ్గరే. మీరంటే నాకిష్టం. కానీ నా చేతి వంట చూసి భయపడే మనిషితో కాపురం చెయ్యలేను. మిమ్మల్ని వదులుకోనూ లేను. అందుకని మీ భయం పోగొట్టి తీరతాను."

"ఇన్నేళ్ళు పోలేదండీ."

"ఇన్నేళ్ళు నేను లేను కదండీ."

వాన గట్టిగా కొట్టింది. తడవకుండా ఉండాలని ఇద్దరూ ఒకేసారి ఇటు జరిగారు. తడవలేదు గానీ, వాన తగ్గాక కూడా ఇద్దరూ అటు జరగలేదు.

*

తర్వాతి ఆదివారం కథలోకి ఒక రాజు వచ్చాడు. ఎప్పుడో ఎవరో గిన్నెలో విషం కలిపారట. చావు తప్పింది గానీ, అప్పటినుంచి తన చేత్తో ఉడకబెట్టుకున్న దుంపలు తప్ప ఏమీ ముట్టడు. చిక్కి శల్యమై సింహాసనంలో కనపడకుండా పోతున్నాడు.

"ఈ రాజుని ఎక్కడో చూసినట్టుందే," అన్నాడు గొడ్డలి. వెంటనే "అబ్బా!" అన్నాడు. బల్ల కింద పళ్ళ డాక్టరు కాలు గట్టిగానే తగిలింది.

గరిటె ముందుకు వంగింది. "రాజుగారి ముందు పళ్ళెం పెట్టాను. అన్నశుద్ధి వేశాను."

"పళ్ళెం శుద్ధి అయింది. విషం లేదు, రోగం లేదు." సూత్రధారి పుస్తకం మూశాడు. "రాజుగారు పళ్ళెం పక్కకు జరిపారు."

"ఎందుకు? మంత్రం పని చేసిందన్నారుగా?"

"చేసిందని మీకు తెలుసు. రాజుగారికి ఏమీ కనపడలేదు. పళ్ళెం అంతకుముందు ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది."

గరిటె కుర్చీలో వెనక్కి వాలింది. నిజమే. ఈ మంత్రం అన్నాన్ని బాగుచేస్తుంది, తినేవాణ్ణి కాదు. ఇన్నాళ్ళూ ఆమె తప్పు గిన్నె మీద మంత్రం వేస్తూ వచ్చింది. డబ్బా మూత తీసి ఎన్నిసార్లు ముందుకు చాపినా ఆ డబ్బాలో తన నమ్మకమే ఉంది గానీ అతని నమ్మకం లేదు.

"అయితే మంత్రం వద్దు," అంది నెమ్మదిగా. "రాజుగారిని వంటింట్లోకి తీసుకెళ్తాను."

"రాజుకి వంటింట్లో ఏం పని?"

"ఉల్లిపాయలు తరగడం. నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో, ఎంతసేపు మరుగుతున్నాయో ఆయన కళ్ళతో ఆయనే చూసుకోవాలి. పొద్దున్నే మా వంటింటి వెనక తలుపు తెరిచే ఉంటుంది. చేతులు కడుక్కుని వస్తే చాలు."

సూత్రధారి పాచిక చేతిలోకి తీసుకున్నాడు. "దీనికి పాచిక వెయ్యనా?"

"వద్దు. ఇది రాజుగారే తేల్చుకోవాలి."

అతను పాచికని మెల్లగా బల్ల మీద పెట్టేశాడు.

*

మర్నాడు పొద్దున్న క్యాంటీన్ వెనక తలుపు దగ్గర ఎవరో దగ్గారు. అమ్మమ్మ తొంగిచూసింది.

"ఎవరు బాబూ?"

"ఉల్లిపాయలు తరగడానికి వచ్చానండీ."

అమ్మమ్మ అతన్ని ఎగాదిగా చూసి, లోపలికి కేకేసింది. "ఏమే, మీ రాజుగారు వేంచేశారు! కత్తిపీట ఇమ్మంటావా, కిరీటం పెట్టమంటావా?"

అతను మోచేతుల దాకా చేతులు కడుక్కున్నాడు. అద్దం మీద చుక్కని కూడా పట్టేసే కళ్ళు కదా, కడిగిన పళ్ళాల్లో రెండింటిని వెలుతురుకి తిప్పి చూసి పక్కన పెట్టాడు. అమ్మమ్మ మూతి ముడిచింది గానీ, చూస్తే నిజంగానే మరకలున్నాయి. నీళ్ళ గురించి అడిగాడు, పిండి గురించి అడిగాడు, గుడ్డలు ఎప్పుడు ఉతుకుతారని అడిగాడు. గరిటె ఒక్కదానికీ విసుక్కోలేదు. డ్రమ్ము మూత తీసి చూపించింది, చేతికిచ్చి వాసన చూడమంది. ఉల్లిపాయలకి కళ్ళద్దాల వెనక కన్నీళ్ళు ధారలు కట్టాయి. అయినా తరిగిన ముక్కలన్నీ ఒకే కొలతలో ఉన్నాయి.

బన్నులు పొయ్యి లోంచి వచ్చాయి. అతను ఒకటి తుంచి నోటి దాకా తీసుకెళ్ళాడు. మళ్ళీ పళ్ళెంలో పెట్టేశాడు.

"సారీ."

"సారీ ఎందుకు? రేపు క్యారెట్లు కూడా ఉన్నాయి."

"రేపూ వస్తాను," అన్నాడతను. పళ్ళు బిగించి అన్నాడు.

వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు. షాపు తెరిచే వేళ దాకా తరగడం, కడగడం, కలపడం. చివర్లో ఒక బన్ను తుంచడం, వదిలెయ్యడం. అమ్మమ్మ తలుపు చాటున మనవరాలి చెవి కొరికింది. "తినకపోతే పోనీలేవే. తరుగుడు బ్రహ్మాండంగా ఉంది, ఉంచేసుకో."

గరిటె నవ్వింది గానీ, ఆ పూట వదిలేసిన బన్నుని పారెయ్యకుండా చేతిలోనే పట్టుకుని నిలబడింది. ఇతను ఎప్పటికీ తినలేకపోతే? తను మెట్ల మీద అన్న మాటకి తనే కట్టుబడాలి. ఆ ఆలోచనని బన్నుతోపాటు ఓ పక్కకు పెట్టి, రేపటికని ఇంకో బుట్టెడు ఉల్లిపాయలు తీసింది.

ఆదివారం వచ్చింది. వెయిటింగ్ రూమ్, దవడ బొమ్మ, కిటికీ మీద వాన. గరిటె అలవాటుగా డబ్బా మూత తీసి బల్ల మధ్యలో పెట్టింది. ఎవరికీ చాపలేదు. సూత్రధారి కథ మొదలుపెట్టాడు.

"రాజుగారు వారం నుంచి వంటింట్లోనే ఉన్నారు. పొయ్యి ఎవరు వెలిగిస్తారో తెలుసు. నీళ్ళు ఎంతసేపు మరుగుతాయో తెలుసు. పిండి కలిపే చేతులు ఎవరివో..."

అక్కడ మాట ఆగింది. అతని చెయ్యి బల్ల మీదుగా మ్యాపు దాటి, ఆట బొమ్మల్ని దాటి, డబ్బాలోకి వెళ్ళింది. బన్ను తీసుకుంది. అతను కళ్ళు మూసుకుని కొరికాడు. నమిలాడు. మింగాడు.

పళ్ళ డాక్టరు కుర్చీ వెనక్కి పడిపోయింది. "తిన్నాడు!"

"ఎవరు, రాజా?" అడిగాడు నోటి నిండా బన్నుతో గొడ్డలి.

"రాజు కాదయ్యా, మా తమ్ముడు! మా తమ్ముడు తిన్నాడు!" ఆవిడ తమ్ముడి తల రెండు చేతులతో పట్టుకుని ఏడుస్తోంది, నవ్వుతోంది. పేషెంట్ల ముందు ఎప్పుడూ మాస్కు వెనక ఉండే మొహం మొత్తం తడిసిపోయింది.

గరిటె కదల్లేదు. "ఎలా ఉంది?" అని మాత్రం అడిగింది.

అతను ఇంకో ముక్క కొరికాడు. ఈసారి కళ్ళు తెరిచే ఉన్నాయి. కనుబొమలు ముడిపడ్డాయి. చాలా శ్రద్ధగా ఆలోచించి చెప్పాడు.

"ఉప్పు తక్కువైంది."

"ఒరేయ్!" అంది అక్క. "ఇన్నేళ్ళకి నోట్లో పెట్టి, వంక పెడతావా?"

గరిటె ఒక ముక్క తుంచి నోట్లో వేసుకుంది. నిజమే, తక్కువైంది. పొద్దున్న అతను పక్కన నిలబడి పిండి కలుపుతుంటే ఉప్పు సంగతే మరిచిపోయింది. భయపడుతూ తినేవాడికి ఉప్పు మీదికి ధ్యాస ఎక్కడ పోతుంది? అనుమానం పోయినచోటే రుచి తెలుస్తుంది. కళ్ళలో నీళ్ళు తిరుగుతుండగా ఫోన్ తీసింది.

"అమ్మమ్మా, వంక పెట్టాడు."

"ఏం వంక?"

"ఉప్పు తక్కువైందట."

"నిజంగా తక్కువైందా?"

"నిజంగానే."

అమ్మమ్మ గొంతు గదిలో అందరికీ వినపడింది. "అయితే ఇంకేం చూస్తున్నావు? ఫోను వాళ్ళ అక్కకివ్వు."

పళ్ళ డాక్టరు ముక్కు తుడుచుకుంటూ ఫోను తీసుకుని మూలకి నడిచింది. "ఆ, చెప్పండమ్మా... మాకేం అభ్యంతరమండీ, మీరెప్పుడంటే అప్పుడే!" అంటోంది.

సూత్రధారి కంగారుగా అటు చూశాడు. "ఏం మాట్లాడుకుంటున్నారు వాళ్ళు?"

"నీ గురించే," అంది గరిటె. 'మీరు' పోయి 'నువ్వు' ఎప్పుడొచ్చిందో ఇద్దరూ గమనించలేదు. "వంక పెట్టావుగా."

"పెట్టకూడదా? తప్పా?"

"తప్పు కాదు. సంబంధం."

అతనికి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక చెవులు ఎర్రబడ్డాయి. ఏం మాట్లాడాలో తోచక, డబ్బా దగ్గరికి లాక్కుని రెండో బన్ను తీసుకున్నాడు.